పున్నమ్మ రాకెట్టు చూసొచ్చింది

పున్నమ్మకి ఏ కబురు చెప్పినా మొదట అడిగే మాట ఒకటే. "నువ్వు చూశావా?"

ఎదురింటి కోడలికి కవలలు పుట్టారని చెబితే, "ఇద్దర్నీ చూశావా?" అంటుంది. నరసరావుపేట రోడ్డులో లారీ బోల్తా పడిందంటే, "పడుతుంటే చూశావా, పడున్నదాన్ని చూశావా?" అంటుంది. చెప్పినవాడు నీళ్ళు నమిలితే ఆమెకు పండగే. మనిషి పొట్టిగా, గట్టిగా తుమ్మమొద్దులా ఉంటుంది. గొంతు విప్పిందంటే షెడ్డు ఆ చివరనున్న వాళ్ళు కూడా చెయ్యి ఆపి వినాల్సిందే.

ఆ షెడ్డు గుంటూరు ఊరిబయట, చిలకలూరిపేట రోడ్డు పక్కనున్న ఒక కోల్డ్ స్టోరేజీది. మిర్చి బస్తాలు విప్పి అక్కడ గుట్టలుగా పోస్తారు. చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని తొడిమలు తీస్తారు, తెల్లబారిన తాలుకాయలు పక్కన పడేస్తారు. ఘాటుకు అందరూ మూతికి కొంగులు చుట్టుకుంటారు కాబట్టి కొత్తగా వచ్చినవాళ్ళకి ఎవరు మాట్లాడుతున్నారో అంతుబట్టదు. చేతుల పని చేతులది, నోటి పని నోటిది. సినిమాలు, కోడళ్ళు, పింఛన్లు, దేవుళ్ళు, అన్నీ ఆ ఎర్రటి గుట్ట చుట్టూనే తేలిపోతాయి.

పున్నమ్మకి కుడిపక్క సిద్దికా కూర్చుంటుంది. చీరాల నుంచి వచ్చిన కుటుంబం. సన్నగా, నెమ్మదిగా ఉంటుంది. ఐదు పూటలా నమాజు తప్పదు, ఒకరి మీద పల్లెత్తు మాట అనదు. ఇద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారు. ఎడంపక్క గురవమ్మ. వయసులో చిన్నది, భక్తిలో పెద్దది. శనివారం ఉపవాసం, కార్తీకమాసం దీపాలు, ఊళ్ళో ఎక్కడ పురాణం చెప్పినా ముందు వరసలో ఉంటుంది. ఈ ఇద్దరి మధ్య పున్నమ్మ, రెండు గుళ్ళ మధ్య సంతలాగా.

ఆమె పుట్టుకతోనే ఇట్లా లేదు. ఒకప్పుడు ఆమె, మొగుడు చెంచయ్య పర్చూరు దగ్గర నల్లరేగడి కౌలుకు తీసుకుని పత్తి వేశారు. విత్తనాల ప్యాకెట్టు మీద బొమ్మ చూసి పున్నమ్మ మురిసిపోయింది. ఒక్కో కొమ్మకి విచ్చుకున్న పత్తికాయలు, చంటిపిల్లలు నోరు తెరిచి నవ్వుతున్నట్టు. ఆ బొమ్మ కత్తిరించి గోడకు కూడా అంటించింది. మొక్కలు మనిషెత్తు పెరిగాయి. ఆకు కళకళలాడింది. కాయ మాత్రం పట్టలేదు. చెంచయ్య రోజూ పొద్దున్నే చేనుకెళ్ళి వచ్చి, "రేపు పడతదేమోలే," అనేవాడు. ఎవరేం చెప్పినా నమ్మే మనిషి ఆయన. చివరికి వ్యవసాయాఫీసుకు వెళితే ప్యాకెట్టే దొంగదని తేలింది. ఆ రోజు ఇంటికొచ్చి గోడమీద బొమ్మను చాలాసేపు చూసింది పున్నమ్మ. తరవాత పకపకా నవ్వింది. చెంచయ్య హడలిపోయాడు.

"ఏందే, ఏమైంది నీకు?"

"ఎంత బావుందయ్యా బొమ్మ! దొంగోడిది ఎంత మంచి చెయ్యో చూడు!"

కౌలు వదిలేసి ఇద్దరూ గుంటూరు వచ్చేశారు. చెంచయ్య కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర కాపలాకు కుదిరాడు. పున్నమ్మ మిర్చి గుట్ట దగ్గర కూర్చుంది. అప్పటినుంచి బొమ్మ చూసి దేన్నీ నమ్మింది లేదు.

మన నౌక చంద్రుడి మీద దిగిన సాయంత్రం షెడ్డులో అందరూ ఒక్క ఫోను చుట్టూ మూగారు. దిగిందని చెప్పగానే చప్పట్లు, ఈలలు. గురవమ్మ కళ్ళు తుడుచుకుంది. పున్నమ్మ మాత్రం కూర్చున్నచోటు నుంచి కదల్లేదు.

"బొమ్మే గదే," అంది.

తరవాత కొన్నాళ్ళకు ఆ బొమ్మ మాటకు బలం దొరికింది. మేస్త్రీ అంకమ్మరావు ఒక వీడియో పట్టుకొచ్చాడు. కూలీలను కుదిర్చేది, పని చూసేది అతనే. చంద్రుడి మీదికి మనుషులు వెళ్ళడం ఒట్టిదని, అంతా ఇసకపోసి స్టూడియోలో తీశారని, రాకెట్లు సముద్రంలో పడిపోతాయని అందులో ఒకాయన కళ్ళద్దాలు సవరించుకుంటూ చెబుతున్నాడు.

"చూశారా? నేను ముందే చెప్పలా?" పున్నమ్మ మోకాలు చరిచింది. "ఎంత సక్కంగా చెప్పాడు మారాజు!"

సిద్దికా తొడిమ తీసిన కాయను బుట్టలో వేస్తూ, "వదినా, ఒక మాట అడుగుతా. ఆయన్ని నువ్వు చూశావా?" అంది.

"ఎవర్ని?"

"ఆ కళ్ళద్దాలాయన్ని. ఆయనా బొమ్మేగా. రాకెట్టు బొమ్మను నమ్మవు. రాకెట్టు లేదని చెప్పే బొమ్మను నమ్ముతావా?"

షెడ్డంతా గొల్లుమంది. జవాబు తోచనప్పుడు పున్నమ్మ గొంతు ఇంకా పెద్దదవుతుంది.

"సరే, ఇద్దరూ దొంగలే! సరిపోయిందా?"

గురవమ్మ ఊరుకోకుండా మధ్యలోకి వచ్చింది. "ఎవరెళితే ఏంటక్కా, వెళ్ళకపోతే ఏంటి? ఇయ్యన్నీ మన పురాణాల్లో ఎప్పుడో ఉన్నాయి. పద్నాలుగు లోకాలు, విమానాలు, అన్నీ రాసి పెట్టారు."

"మా గ్రంథంలో కూడా ఏడు ఆకాశాలని ఉంది," అంది సిద్దికా.

"ఒకళ్ళు ఏడంటారు, ఒకళ్ళు పద్నాలుగంటారు. ముందు మీరిద్దరూ కూర్చుని ఆ లెక్క తేల్చుకోండి, తరవాత నాకు చెప్పండి," అంది పున్నమ్మ. మళ్ళీ నవ్వులు. ఆమెకు ఊపొచ్చింది. "అయినా నాకు తెలవక అడుగుతా. రాకెట్టు ఎగిరినాక, మా పుస్తకంలో ఉందంటారు. ఫోనొచ్చినాక, మా పుస్తకంలో ఉందంటారు. ముందే ఉంటే ముందే చెప్పొచ్చుగా? మా అమ్మ కట్టెపుల్లలతో పొయ్యి ఊదుకుంటా కళ్ళు పోగొట్టుకుంది. గ్యాసు పొయ్యి సంగతి ఏ పేజీలో ఉందో అప్పుడు చెప్పినోళ్ళు లేరే!"

మేస్త్రీ "అదీ మాట!" అన్నాడు. ఆ పొగడ్త పున్నమ్మ తలకెక్కింది. సిద్దికా వైపు తిరిగి, నవ్వుతూ, "అసలు మీ దేవుణ్ణి నువ్వు చూశావా వదినా?" అంది.

నవ్వినవాళ్ళు కూడా ఆగిపోయారు. సిద్దికా చేతిలో కాయకు తొడిమ తీసింది, బుట్టలో వేసింది, ఇంకో కాయ అందుకుంది.

ఆ మధ్యాహ్నం అన్నం గిన్నెల దగ్గర తేడా తెలిసింది. రోజూ సిద్దికా పప్పు పున్నమ్మ గిన్నెలోకి, పున్నమ్మ గోంగూర సిద్దికా గిన్నెలోకి అడక్కుండానే వెళ్ళేవి. ఆ రోజు సిద్దికా గోడ వైపు తిరిగి కూర్చుంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. మాట్లాడదని కాదు. "బుట్ట ఇటివ్వు వదినా," అంటుంది. అంతకుమించి రాదు. పున్నమ్మకి గోంగూర కూడా చప్పగా ఉంది.

ఇంటికెళ్ళి మొగుడితో చెప్పింది. చెంచయ్య గేదెకు కుడితి పెడుతూ అంతా విన్నాడు.

"అడిగితే తప్పా? నేను ఎవర్నైనా అడుగుతాగా!" అంది పున్నమ్మ.

"అడిగితే తప్పేముంది? నవ్వుతా అడిగానంటన్నావుగా. అదీ తప్పు."

"నవ్వకుండా ఎట్టా అడుగుతారయ్యా?"

"నీకు నవ్వులాటైంది ఆమెకు నవ్వులాట కాదుగా," అని చెంచయ్య బకెట్టు తీసుకుని లోపలికెళ్ళాడు. అన్నీ నమ్మే ఆ మనిషి అప్పుడప్పుడు ఇట్లాంటి మాట అనేవాడు. అనేశాక తనకేమీ పట్టనట్టు ఉండేవాడు.

మర్నాడు పున్నమ్మ బీరకాయ పచ్చడి చేసుకొచ్చింది. సిద్దికాకు అదంటే ఇష్టం. అన్నాల వేళ గిన్నె తీసుకెళ్ళి ఆమె ఎదురుగా చతికిలపడింది.

"వదినా, అడగటం తప్పని నేననుకోవట్లా. అడగటం నా జబ్బు. నవ్వాను చూడు, అందుకు నా నోట్లో మిరపకాయ పెట్టు."

సిద్దికా కొంగు చాటున నవ్వింది. "ఇక్కడ మిరపకాయలకు కరువా? కూర్చో." పచ్చడి కాస్త వేసుకుని, ముద్ద కలుపుతూ చెప్పింది. "నేను ఆయన్ని చూడలేదు వదినా. నువ్వు నమ్మాలని నేనెప్పుడైనా అడిగానా? మా ఆయన పోయినప్పుడు, మా బాజీ చంటోడు. తెల్లారి లేచి ఆ నమాజు చదువుకోకపోతే నేను లేచేదాన్నే కాదు. నాకు గ్రంథం లేవటం నేర్పింది. రాకెట్టు కట్టటం నేర్పమని నేను దాన్ని అడగను. మా వాళ్ళు ఏడాకాశాల్లో రాకెట్టును వెతుక్కుంటే నాకూ నవ్వొస్తది. అది వేరు, ఇది వేరు. రెండూ ఒకే తక్కెట్లో వెయ్యమాకు."

పున్నమ్మ వింటూ ఉండిపోయింది. ఆమె అట్లా వినడం గురవమ్మ ఎప్పుడూ చూడలేదట.

"దేవుణ్ణి చూపించమంటే నా వల్ల కాదు," అంది సిద్దికా వేళ్ళు నాక్కుంటూ. "రాకెట్టునైతే చూపిస్తా. పోదాం పద."

"ఎక్కడికి?"

"శ్రీహరికోటకి. మా బాజీ చెప్పాడు, జనాన్ని రానిస్తారంట. నీ కళ్ళతో నువ్వే చూద్దువుగాని."

అంతే. ఆ మాట షెడ్డులో అంటుకుంది. సిద్దికా కొడుకు బాజీకి మ్యాజిక్ బండి ఉంది. గుంటూరు నుంచి తాడేపల్లి దాకా మనుషుల్ని తిప్పుతుంటాడు. ఫోనులోనే అందరి పేర్లూ, ఆధార్లూ ఎక్కించి, చూడటానికి పాసులు తీశాడు. అంకమ్మరావు మొదట గుర్రుమన్నాడు. గుట్ట మీద సరుకుంది, పని ఆగుతుంది అన్నాడు.

"నీ వీడియోనే గదయ్యా ఇదంతా చేసింది," అంది పున్నమ్మ. "నువ్వూ రా. అబద్ధమైతే అక్కడే నిలబడి అరుద్దాం, ఇద్దరం."

మేస్త్రీ రాలేదు కానీ సెలవిచ్చాడు.

తెలతెలవారుతుండగా బయల్దేరారు. బండినిండా ఆడవాళ్ళు, పులిహోర డబ్బాలు, జంతికలు, చెంచయ్య పెట్టించిన మజ్జిగ క్యాను. ఆయన్నీ రమ్మంటే, "నేను నమ్ముతున్నాగా, నాకెందుకు?" అన్నాడు. ఒంగోలు దాటేదాకా అంత్యాక్షరి. కావలి దాటాక నిద్రలు. గురవమ్మ దారిలో గుడి కనబడ్డప్పుడల్లా బండి ఆపించింది. సిద్దికా నెల్లూరులో మసీదు పక్కన ఆపించి, ఆడవాళ్ళకు వేరుగా ఉన్న గదిలో నమాజు చేసుకొచ్చింది. ప్రతిచోటా చెప్పుల దగ్గర పున్నమ్మే నిలబడింది.

"మీ దేవుళ్ళేమోగాని, మీ చెప్పులకు మాత్రం నేను కాపలా," అంటుంటే బాజీ స్టీరింగు మీద పడి నవ్వాడు.

సూళ్ళూరుపేట దాటితే రోడ్డుకు రెండు పక్కలా పులికాట్ నీళ్ళు. ఆ నీళ్ళలో గులాబీరంగు కొంగలు. పున్నమ్మ బండి ఆపించి కిందికి దిగింది. "కొంగకు గులాబీరంగేంటిరా? ఎవరన్నా పూశారా?" అంది. బాజీ చప్పట్లు కొట్టాడు. కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. రెక్కల కింద ఇంకా ఎర్రగా ఉంది. ఆమె నోరు తెరుచుకుని చూసింది. "రెక్కల కింద దాకా ఎవరు పూస్తార్లే," అని తనకు తానే చెప్పుకుంది.

చూసేవాళ్ళు కూర్చోవడానికి అక్కడ మెట్లు మెట్లుగా కట్టిన పెద్ద గ్యాలరీ ఉంది. ఒక పక్కన పెద్ద తెరలు. రెండో పక్క దూరంగా పచ్చటి చెట్లు, వాటి వెనక ఒక స్తంభంలాంటి కట్టడం. స్కూలు పిల్లలు, కొత్త జంటలు, జెండాలు, ముఖాలకు మూడు రంగులు. ఎండ ఇంకా తగ్గలేదు. జనం తెరమీద అంకెలు చూస్తున్నారు. ఇంతలో మైకులో ఏదో చెప్పారు. ముందు ఇంగ్లీషులో, తరవాత తెలుగులో. సాంకేతిక కారణాల వల్ల ప్రయోగం రేపటికి వాయిదా.

జనమంతా ఉసూరుమన్నారు. పున్నమ్మ లేచి నిలబడి నడుముకు కొంగు దోపింది.

"చెప్పలా నేను? చెప్పలా? ఎగిరేదైతే ఎగిరేదే! రేపంట రేపు! మా ఆయన పత్తికాయకు చెప్పినట్టు!"

మెట్ల మీద వెళ్తున్నవాళ్ళు ఆగి చూశారు. గురవమ్మ సిగ్గుతో చచ్చిపోయి ఆమె చెయ్యి లాగింది. సిద్దికా మాత్రం జంతికల డబ్బా మూత బిగిస్తూ, "రేపు కూడా ఉందామైతే," అంది.

"రేపూ ఎగరకపోతే?"

"ఎల్లుండి ఉందాం. నువ్వు చూడందే నేను గుంటూరు రాను."

నాయుడుపేటలో సిద్దికా చెల్లెలి ఇల్లుంది. చెప్పాపెట్టకుండా బండెడు మంది దిగితే ఆ ఇల్లాలు కంగారు పడలేదు. పెద్ద గిన్నె పొయ్యెక్కించింది. గురవమ్మ మాంసం తినదని తెలిసి ఆమె కోసం వేరే పొయ్యి మీద పప్పుచారు కాచి, అప్పడాలు వేయించింది. పున్నమ్మ రెండూ తింది. "నాకు ఏ గ్రంథమూ అడ్డు లేదు," అంటూ రెండో విడత అన్నం పెట్టించుకుంటే చెల్లెలి పిల్లలంతా ఆమె చుట్టూ చేరారు. రాకెట్టు ఎగరదని వాళ్ళతో పందెం వేసింది. వాళ్ళు ఎగురుతుందన్నారు. ఎందుకంటే వాళ్ళ డాబా మీంచి ఎప్పుడూ కనపడుతుందట.

"మీరు చూశారా?" అంది అలవాటుగా.

"చూశాం!" అని పిల్లలంతా ఒక్కసారి అరిచారు. తన ప్రశ్నకు అంత గట్టి జవాబు ఆమెకు ఎప్పుడూ రాలేదు. "సరే, పడుకోండి," అంది.

మర్నాడు మళ్ళీ గ్యాలరీ. జనం కాస్త పలచబడ్డారు. అంకెలు తగ్గడం మొదలైంది. అందరి కళ్ళూ తెర మీదే. పున్నమ్మ లేచి, తెరకు వీపు పెట్టి, చెట్ల వైపు తిరిగి నిలబడింది.

"అక్కా, తెరమీద బాగా కనపడద్ది!" అంది గురవమ్మ.

"తెరమీద చూడటానికి ఇంత దూరం రావాలా? అది గుంటూర్లోనూ ఉంది."

జనం అంకెలు గట్టిగా చదువుతున్నారు. మూడు, రెండు, ఒకటి. చెట్ల వెనక ఒక వెలుగు పుట్టింది. అది బొమ్మలో కనిపించే వెలుగులా లేదు. చూస్తుంటే కళ్ళలో నీళ్ళు వచ్చే వెలుగు, కొలిమిలో ఇనుము తెల్లబడ్డప్పటిలాగా. దాని పైన తెల్లటి కర్రలాంటిది నెమ్మదిగా, మరీ నెమ్మదిగా, ఎవరో కిందనుంచి జాగ్రత్తగా ఎత్తి పట్టుకున్నట్టు లేచింది. చప్పుడు లేదు. అంత మంటకు చిన్న చప్పుడు కూడా లేదు. పున్నమ్మ ముఖం చిట్లించింది. ఏదో మోసం ఉందన్నట్టు పక్కకు చూడబోయింది.

అప్పుడొచ్చింది చప్పుడు. ముందు కాళ్ళ కింద మెట్లకు తెలిసింది. తరవాత గుండెకు, ఆఖరికి చెవులకు. వేయి డప్పులు ఒకేసారి మోగినట్టు, ఆకాశాన్ని ఎవరో పాత గుడ్డలా చించుతున్నట్టు. పున్నమ్మ ఛాతీమీద చెయ్యి వేసుకుంది. "గోవిందా, గోవిందా!" అంటోంది గురవమ్మ, చేతులెత్తి. "సుభానల్లా," అంటోంది సిద్దికా, పెదాలు మాత్రం కదులుతున్నాయి. మధ్యలో పున్నమ్మ, "ఓరి నాయనో! ఓరి నాయనోయ్!" అని గ్యాలరీ అదిరేట్టు అరిచింది.

రాకెట్టు ఒక మబ్బులోకి దూరి, ఆ మబ్బును లోపలినుంచి వెలిగించి, పైకి తేలి, చుక్కై, ఇంక లేదు. పొగ మాత్రం చాలాసేపు మెలికలు తిరుగుతూ ఉండిపోయింది. జనం కేకలేస్తున్నారు, ఒకరినొకరు వాటేసుకుంటున్నారు. పక్కనున్న ఎవరో కుర్రపిల్ల పున్నమ్మ చేతులు పట్టుకుని గంతులేసింది. పున్నమ్మ కూడా వేసింది, ఎవరని అడక్కుండానే.

సిద్దికా ఆమె ముఖంలోకి చూసింది. "ఏం వదినా?"

పున్నమ్మ మెట్టుమీద కూర్చుంది. ముఖమంతా తడిసి ఉంది.

"చప్పుడు ఆలస్యంగా వచ్చింది వదినా," అంది. "పర్చూర్లో అవతలి గట్టు మీద ఎవడన్నా గుంజ పాతుతుంటే, సుత్తి పడటం ముందు కనపడేది. చప్పుడు తరవాత వచ్చేది. దూరాన నిజంగా జరిగేది అట్టాగే ఉంటది. బొమ్మలో అయితే రెండూ కలిసే వస్తాయి. ఇది నిజమే. నిజంగా ఎగిరింది!"

"అయితే ఒప్పుకున్నట్టేనా?" బాజీ వెనకనుంచి ఎగబడ్డాడు. "చంద్రుడి మీదికి వెళ్ళారని ఒప్పుకో అత్తా!"

పున్నమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. కళ్ళలో పాత కొంటెతనం తిరిగొచ్చింది.

"పైకెళ్ళింది. అంతవరకూ ఒప్పుకున్నా. మబ్బు దాటినాక ఎటెళ్ళిందో నేను చూశానా? అయితే ఒకటిరా బాజీ. ఇంత మంట పెట్టి, ఇంత చప్పుడు చేసి, పోయి సముద్రంలో పడేసేంత పిచ్చోళ్ళెవరూ ఉండరు. చంద్రుడి సంగతి ఇకనుంచి సగం నమ్ముతా."

"సగమా!" అని సిద్దికా నవ్వింది. ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు. అంత నెమ్మదైన మనిషి మెట్టుమీద ఒరిగిపోయి, కడుపు పట్టుకుని నవ్వింది. గురవమ్మకూ అంటుకుంది.

తిరుగుదారిలో గొడవంతా ఒకే సంగతి మీద. రాకెట్టు లేచినప్పుడు పున్నమ్మ ఎవరిని పిలిచింది? నాయనో అంటే దేవుణ్ణే అన్నట్టు, ఆమెకు తెలియకుండా భక్తి బయటపడిందని గురవమ్మ వాదన. "నాయనంటే మా నాయన," అంది పున్నమ్మ. "పాపం, ఆయన రైలు కూడా ఎక్కలేదు. ఉంటే చూసేవాడని పిలిచా." సిద్దికా ఆమె చేతిమీద చెయ్యి వేసింది. "ఆయనకు చేరే ఉంటది వదినా." పున్నమ్మ ఎప్పటిలా ఎవరు చూశారని అడగలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఏమో," అంది.

ఒంగోలు దగ్గర కొత్తపట్నం వైపు బండి తిప్పించింది ఆమే. రాకెట్టు చూశాక సముద్రం కూడా చూడాలనిపించిందట. చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి అలల్లో నిలబడింది. పడవలు తిరిగొస్తున్నాయి. దూరంనుంచి వచ్చే పడవకు ముందు జెండా కనపడుతుందని, తరవాత పడవ కనపడుతుందని, భూమి గుండ్రంగా ఉందనడానికి అదే గుర్తని బాజీ ఎక్కడో విన్నాడు. ఆ మాట అనడమే అతను చేసిన పొరపాటు. చేపల పులుసు వేడివేడిగా తెచ్చి పెట్టుకుని అందరూ పిలుస్తున్నా ఆమె కదలదు. "ఉండండే, ఇంకొక్క పడవ!" అంటుంది. చివరికి పెద్ద అల వచ్చి కూలేస్తే, ఒళ్ళంతా ఇసకతో, నవ్వుతూ వచ్చి పులుసు ముందు కూర్చుంది. జెండా ముందు కనపడిందా అంటే, "ఉప్పునీళ్ళు కళ్ళల్లో పడ్డాయి, ఇంకోసారి రావాలి," అంది.

షెడ్డుకు తిరిగొచ్చిన రోజు మిర్చి గుట్ట చుట్టూ పనేమీ జరగలేదు. పున్నమ్మ నిలబడి చెబుతోంది. వెలుగు ఎట్లా పుట్టింది, చప్పుడు ఎంత ఆలస్యంగా వచ్చింది, మబ్బు లోపలినుంచి ఎట్లా వెలిగింది. చేతులతో, కళ్ళతో, నోటితో రాకెట్టును మళ్ళీ ఎగరేసింది. అంతా అయ్యాక అంకమ్మరావు గుంభనంగా అడిగాడు.

"ఫోటో ఉందా పున్నమ్మా?"

"ఫోటో ఎందుకయ్యా? నేను చూశా!"

"నువ్వు చూశావని మేం ఎట్టా నమ్మాలి?"

గురవమ్మ నేను సాక్ష్యం అనబోయింది. పున్నమ్మ ఆమెను చేత్తో ఆపింది. మేస్త్రీని ఒకసారి పైనుంచి కిందికి చూసింది.

"నమ్మమాకు," అంది నిమ్మళంగా. "నేను చెప్పానని నమ్మితే నువ్వు చెంచయ్యకు తమ్ముడివి. మళ్ళీ ఎగరేస్తారంట, బాజీ ఫోనులో చూసి చెబుతాడు. వచ్చి చూడు. దారి నాకు తెలుసు. నాయుడుపేటలో అన్నం కూడా పెడతారు."

అంకమ్మరావు వెళ్ళాడు, భార్యను కూడా తీసుకుని. మిగిలినవాళ్ళు ఇంకో విడత వెళ్ళారు. రెండుసార్లూ పున్నమ్మ వాళ్ళతోనే. మూడోసారి చెంచయ్యను కూడా ఎక్కించింది. నమ్మినవాడు చూడకూడదని ఎక్కడా లేదని ఆయన్ని ఒప్పించింది. బండిలో అందరికీ ముందే చెప్పేసింది. తెర వంక చూడొద్దు, చెట్ల వంక చూడండి, చప్పుడు రాలేదని కంగారు పడొద్దు, వస్తుంది. సిద్దికా పక్కన కూర్చుని జంతికలు పంచుతోంది. గురవమ్మ కనబడిన గుడికల్లా బండి ఆపిస్తూనే ఉంది.

గ్యాలరీలో చెంచయ్య కూడా భార్య చెప్పినట్టే తెరకు వీపు తిప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వెలుగు లేచింది. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. చప్పుడు ఇంకా చేరలేదు. ఆ కాస్త నిశ్శబ్దంలో పున్నమ్మ ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఉండు, ఉండు, వస్తా ఉంది," అంటోంది.